వరద సాయం లెక్క అందరికీ కలిపి ఒక్కటే పెట్టండి

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో వచ్చిన వార్త చూసినప్పటి నుంచి రాద్దాం అనుకుంటున్నా, ఇవాళ్టికి కుదిరింది. వానాకాలం సాయం కోసం మళ్లీ ఇంకో యాప్ అట, సంస్థలన్నీ అందులో రిజిస్టర్ చేసుకోవాలట, బాధితులేమో ఫొటో, ఆధార్ అప్‌లోడ్ చెయ్యాలట. అది చదివి నాకు చాలా కోపం వచ్చింది. ఇంట్లోకి నడుముదాకా నీళ్లొస్తే ఆ ఫోన్ పనిచేస్తదా, ఆధార్ కార్డు పొడిగా ఉంటదా, ఇది అడిగేవాళ్లే లేరా?

2020 అక్టోబర్ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది, కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగింది. చెరువు ఉన్న బాలాపూర్ రంగారెడ్డి జిల్లా, మునిగిన హఫీజ్‌బాబానగర్ హైదరాబాద్ జిల్లా. వచ్చిన నీళ్లు అవే, అడగాల్సిన కలెక్టరేట్లు మాత్రం రెండు. ప్రభుత్వం ఇంటికి 10 వేలు అన్నది, కొందరికి చేతికిచ్చారు, మిగతావాళ్లని మీసేవల ముందు లైన్లలో నిలబెట్టారు, నవంబర్‌లో జీహెచ్ఎంసీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేసరికి అదీ ఆగింది. మా బస్తీలో ఎవరికి అందింది ఎవరికి అందలేదు అనే లిస్టు మాకు ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.

అప్పుడు మా దగ్గర జరిగింది చెప్తా. కార్పొరేషన్ వాళ్లొచ్చి పేర్లు రాసుకున్నారు, తర్వాత రెవెన్యూ వాళ్లు, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి సంస్థలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక సేవ) టీములు, మసీదు కమిటీ, గుడి కమిటీ, కాలేజీ పిల్లలు. అందరి చేతిలో తలా ఒక నోట్‌బుక్. కాలేజీ పిల్ల ఒకామె లాంగ్ నోట్‌బుక్ నాకు చూపించింది, వానకి ఇంకు పాకి సగం పేజీలు చదవరావట్లేదు. ఒకే ఇల్లు ఒకరి లిస్టులో ఆడమనిషి పేరు మీద ఉంది, ఇంకొకరి దాంట్లో భర్త పేరు మీద, మూడోదాంట్లో ఎక్కడో కూకట్‌పల్లిలో ఉండే ఓనర్ పేరు మీద. ఇంటి నంబర్లేమో బై ఎ, బై 12, బై 1 అని తోకలు, ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు. ఇట్లాంటి లిస్టుల్ని పక్కపక్కన పెట్టినా ఇది ఆ ఇల్లేనా అని ఎవరూ పట్టుకోలేరు. డీసీఎం వ్యాన్ ఆగే మెయిన్ రోడ్డు మీది ఇళ్లకి బియ్యం బస్తాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. లోపలి గల్లీలో మంచం దిగలేని ముసలామెకి ఏమీ రాలేదు, కిరాయికి ఉండే బీహార్ కూలీలకి ఇక్కడ రేషన్ కార్డు లేదు కాబట్టి వాళ్లు ఏ లిస్టులోనూ ఎక్కలేదు. సాయం తక్కువై కాదు ఇదంతా. ఎవరు ఎక్కడ ఏం ఇస్తున్నారో ఒకరిది ఇంకొకరికి తెలీక.

ఇదేదో పరిష్కారం లేని సమస్య అయితే నేను రాసేదాన్ని కాదు. ప్రపంచంలో దీనికి పద్ధతి ఎప్పుడో వచ్చింది. 1999లో కొసావో యుద్ధం తర్వాత సంస్థలన్నిటికీ కలిపి అక్కడ ఒక ఉమ్మడి సమాచార కేంద్రం పెట్టారు, ఎవరైనా వచ్చి మ్యాపులు, లెక్కలు తీసుకెళ్లొచ్చు. ఐక్యరాజ్యసమితిలో మానవతా సాయం చూసే ఓచా అనే విభాగం ఉంది, ఎవరు ఏ పని ఎక్కడ చేస్తున్నారు అనే ఒక్క పట్టికని పెద్ద విపత్తులొచ్చిన చాలా చోట్ల వాళ్లు నడుపుతారు. ఊర్లకి, వార్డులకి కోడ్ నంబర్లు ఇస్తారు, పేరు ఎవరెట్లా రాసినా కోడ్ ఒకటే కాబట్టి లిస్టులు కలుస్తాయి. 2014 నుంచి హెచ్‌డీఎక్స్ అని అందరి డేటా ఒకే చోట పెట్టే వేదిక కూడా నడుపుతున్నారు, అందులో మనుషుల వ్యక్తిగత వివరాలు పెట్టనివ్వరు. ఇక్కడేమో పేదోళ్ల ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టలుగా సంస్థల ఆఫీసుల్లో, కార్ల డిక్కీల్లో పడుంటాయి. 2023లో డేటా రక్షణ చట్టం చేసుకున్న దేశం మనది!

దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే చూడండి. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది, 2011 నుంచి ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి కూడా ఇస్తోంది. బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, దేశంలో ఎక్కడ వరదొచ్చినా శాటిలైట్ నుంచి మునక మ్యాపులు చేసి ఇచ్చేది వాళ్లే. ఇది నాకు చాలా గర్వంగా ఉంటది, మా చుట్టాలు ఎవరొచ్చినా చెప్తా. అట్లాంటి ఊళ్లో ఒక బస్తీలో ఎన్ని ఇళ్లు మునిగాయి, ఎన్నిటికి సాయం అందింది అంటే ఒక్కో ఆఫీసు ఒక్కో నంబర్ చెప్తది. అంత దూరంలో ఉన్న దేశాలకి మన ఊరి నుంచి సమాచారం పోతున్నప్పుడు, జోనల్ ఆఫీసు నుంచి తహసీల్దార్ ఆఫీసుకి ఎందుకు పోదు?

వరదలప్పుడే అనుకోకండి, మామూలు రోజుల్లోనూ ఇదే తంతు. మెయిన్ రోడ్డు పక్కన ఉండే సర్కారు బడికి ఒక ఫౌండేషన్ బ్యాగులిస్తది, ఇంకో కంపెనీ మళ్లీ బ్యాగులే ఇస్తది, మంచినీళ్ల ఆర్వో మిషన్ మీద ఇంకో ఆర్వో మిషన్. లోపల ఉండే బడిలో ఆడపిల్లల బాత్రూంకి తలుపుండదు. దేశంలో ప్రతి బడికి 11 అంకెల యూడైస్ కోడ్ ఉంది, ఇచ్చేవాళ్లంతా తాము ఇచ్చినదాని పక్కన ఆ కోడ్ రాసి ఒకచోట పెడితే చాలు, ఏ బడికి ఏం వచ్చిందో ఒక్క గంటలో తేలిపోతది. అది కూడా చెయ్యరు. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఒక రిజిస్టర్, ఆశా దగ్గర ఒకటి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల దగ్గర ఇంకొకటి, ఈ ఆడవాళ్లు ఎండలో గడపగడపకీ తిరిగి రాసినవి ఇవన్నీ, పక్కనున్నోళ్లకి కూడా పనికిరాకుండా పోతున్నాయి. ఒక మంచి ఆఫీసరొచ్చి లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టించి దారిలో పెడతాడు, ట్రాన్స్‌ఫర్ అవుతాడు, తర్వాత వచ్చినాయన మళ్లీ మొదటి నుంచి సర్వే అంటాడు. రాష్ట్రానికి ఓపెన్ డేటా పాలసీ 2016లోనే వచ్చింది, అయినా బస్తీ మనుషులకి ఒరిగిందేంటి?

కొత్త యాప్ మాకు అక్కర్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకి కలెక్టర్ అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ మూడు జిల్లాలవీ కలిపి ఒక్క సమాచార డెస్క్ పెట్టండి, ఏడాది పొడుగునా జీతమిచ్చి ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టండి, వరదొచ్చాక వెతుక్కోవడం కాదు. ప్రతి బస్తీకి ఒక కోడ్ ఇవ్వండి, డివిజన్ హద్దులు ఎన్నిసార్లు మారినా ఆ కోడ్ మారకూడదు. సాయం చేసే ప్రతి సంస్థా ఏ కోడ్‌లో ఏం ఇచ్చింది, ఎన్ని ఇళ్లకి ఇచ్చింది రోజు సాయంత్రానికల్లా చెప్పాలి, అది తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం ఆ గోడ మీదకి రాకూడదు.

మీ రిపోర్టర్లు ఈ మూడు కలెక్టరేట్లకీ వెళ్లి ఒక్కటే అడగండి, వరదొస్తే ఈ ఉమ్మడి లెక్క ఎవరి టేబుల్ మీద ఉంటది, ఆ మనిషి హోదా ఏంటి, ఆఫీసు ఫోన్ నంబర్ ఎంత. వాళ్లు చెప్పింది చెప్పినట్టు వానలు మొదలయ్యే లోపే మీ సిటీ పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సంతోష్‌నగర్, హైదరాబాద్