బియెల్లా వెళ్దామనుకునేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. మిలాన్, టూరిన్ వైపు ఉన్న మనవాళ్లు వీకెండ్ అనగానే కోమో సరస్సుకే పోతున్నారు. ఈసారి ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ పాదాల దగ్గరున్న బియెల్లా చూడండి. ఉన్ని బట్టలకి ప్రపంచమంతా పేరున్న ఊరు. కొండల నుంచి దిగే నీళ్లలో ఖనిజాలు చాలా తక్కువ, ఉన్ని కడగడానికీ రంగులద్దడానికీ అవి బాగా పనికొస్తాయి. అందుకే మిల్లులన్నీ చెర్వో నది, దాని చుట్టుపక్కల వాగుల వెంటే లేచాయి.

నన్నడిగితే ముందు చూడాల్సింది ప్రే అనే ఊళ్లోని ‘ఫాబ్రికా దెల్లా రువోతా’. 19వ శతాబ్దపు ఉన్ని మిల్లు. కరెంటు లేని రోజుల్లో వాగు నీటి బలాన్ని పెద్ద చక్రం, తాళ్ల ద్వారా పై అంతస్తుల్లోని యంత్రాలకి అందించేవారు. ఆ చక్రాన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. పిల్లలకి తప్పకుండా చూపించండి, ఎంత వివరంగా చెప్పినా చూసినట్టు ఉండదు. రోజూ తెరవరు కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరండి.

బియెల్లాలోనే పాత మిల్లులో కళాకారుడు మికెలాంజెలో పిస్తొలెత్తో పెట్టిన ‘చిత్తాదెల్లార్తే’ అనే కళాకేంద్రం ఉంది. పైన కొండల్లో ఒరోపా మాత గుడి, నల్లని మేరీమాత విగ్రహం. ఊళ్లోంచి బస్సు వెళ్తుంది. వేసవిలోనూ స్వెట్టర్ ఉంచుకోండి. అక్కడి పొలెంతా కొంచా అనే వంటకాన్ని మాంసం లేకుండా మొక్కజొన్న పిండి, చీజ్, వెన్నతో చేస్తారు. కానీ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ ఉండొచ్చు, పూర్తి శాకాహారులు అడిగి తినండి.

రైలుకైతే సాధారణంగా సంతియా స్టేషన్లో మారాలి, టూరిన్ నుంచి నేరుగా వెళ్లే రైళ్లూ కొన్ని ఉన్నాయి. టైముంటే ఒలివెత్తి టైప్‌రైటర్ల ఊరు ఇవ్రేయా కూడా దగ్గరే, 2018లో యునెస్కో జాబితాకెక్కింది. వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి, కలిసి వెళ్దాం.