సీమోర్ అన్నదమ్ముల పతనం: అసూయ ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

పదహారో శతాబ్దపు ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ వంశపు రాజసభపై ఆదివారం వేసిన వ్యాసంలో ఎడ్వర్డ్ సీమోర్ అసూయకొద్దీ తమ్ముడు థామస్‌ను చంపించాడని రాశారు. వాళ్లకు పడని మాట నిజమే. కానీ అసలు తగువు వాళ్ల మేనల్లుడు, పసివాడైన రాజు ఆరో ఎడ్వర్డ్ ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద.

తోడబుట్టిన జేన్ 1536లో ఎనిమిదో హెన్రీని పెళ్లాడడంతో వీళ్ల దశ తిరిగింది. మరుసటి ఏడు కొడుకును కన్న పన్నెండు రోజులకే ఆమె పోయింది. అయినా బిడ్డ ఉన్నాడు గనుక మేనమామల పలుకుబడి చెక్కుచెదరలేదు. 1547 జనవరి 28న హెన్రీ చనిపోయేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. వీలునామా పాలనను పదహారు మంది మండలికి ఉమ్మడిగా అప్పగించింది. అందులో రాజు తరఫున ఒక్కడే పాలించే సంరక్షకుడి పదవే లేదు. నాలుగు రోజులు తిరక్కుండానే అన్న ఎడ్వర్డ్ ఆ మండలి చేతే దాన్ని ఇప్పించుకుని, తర్వాత సోమర్సెట్ డ్యూక్ కూడా అయ్యాడు. తమ్ముడికి బ్యారన్ బిరుదు, నౌకాదళాధిపత్యం దక్కాయి. అవేమీ చిన్నవి కావు, కానీ అతనికి కావలసింది మేనల్లుడి బాధ్యత.

అది దక్కక అడ్డదారులు తొక్కాడు. హెన్రీ వితంతువు కేథరిన్ పార్‌ను గుట్టుగా పెళ్లాడాడు. సోమర్సెట్ చేతిఖర్చుకు కూడా బిగపట్టి ఇచ్చేవాడు కాబట్టి, ఫౌలర్ అనే పరిచారకుడి ద్వారా రాజుకు డబ్బు అందించాడు. బ్రిస్టల్ టంకశాలలో మోసం చేస్తున్న షారింగ్టన్‌తో చేతులు కలిపాడు. 1549 జనవరిలో ఈ తీగ లాగితే డొంకంతా కదిలింది. మోపిన అభియోగాలు 33. విచారణ జరపలేదు. పార్లమెంటులో అటెయిండర్ బిల్లు (చట్టం ద్వారానే మనిషిని దోషిగా తేల్చే బిల్లు) పెట్టి శిక్ష వేశారు, మార్చి 20న తల తీశారు. అన్న ఆపలేదు, ఆ మచ్చ అతనిదే. అయితే మిగతా మండలి సభ్యుల చేయీ అందులో ఉంది.

సోమర్సెట్‌ను రాజద్రోహానికే చంపారన్నది ఆ వ్యాసంలోని రెండో పొరపాటు. 1549 తిరుగుబాట్ల తర్వాత అక్టోబరులో పదవి పోయి లండన్ టవర్ చెరలో పడ్డాడు, 1550 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. 1551లో మండలిలోని అతని ప్రత్యర్థి జాన్ డడ్లీ వర్గం మళ్లీ పట్టుకుంది. డిసెంబరు 1న వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో సాటి ప్రభువులు రాజద్రోహం నుంచి విముక్తి ఇచ్చారు. బయటి జనం పూర్తిగా వదిలేశారనుకుని కేరింతలు కొట్టారు. కానీ చట్టవిరుద్ధంగా మనుషుల్ని పోగేశాడన్న ఫెలనీ (రాజద్రోహం కంటే ఒక మెట్టు కిందిదైన ఘోర నేరం) నిలిచింది. దాన్ని నేరంగా చేసిన చట్టం, అతను మొదటిసారి టవర్‌లో ఉండగానే పార్లమెంటు చేసినది! 1552 జనవరి 22న శిక్ష అమలైంది.

తరువాయి భాగంలో ఈ రెండూ సరిచేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం