దానా సంచి మీద ఒక్క ఎమ్ఎఫ్ఐ సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

క్యారీబ్యాగు చిరిగితే చాలు, "రీసైకిల్ సరుకు కలిపేశారు" అనేస్తాం. కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. మందం సరిపోయినా నిలువునా బర్రున చీలే కవరులో తప్పు చాలాసార్లు సరుకు నాణ్యతది కాదు, అణువుల ఆకారానిది. జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ వైపు చిన్న ఫిలిం యూనిట్లలో దానా (ప్లాస్టిక్ గుళికలు) కొనేటప్పుడు చాలామంది చూసేవి రెండే: కిలో రేటు, ఎమ్ఎఫ్ఐ (మెల్ట్ ఫ్లో ఇండెక్స్). అసలు చిక్కు ఈ రెండో అంకెతోనే.

ఎమ్ఎఫ్ఐ అంటే 190 డిగ్రీల దగ్గర కరిగిన పాలిథీన్ 2.16 కిలోల బరువు కింద 2.095 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి 10 నిమిషాల్లో ఎన్ని గ్రాములు దిగిందన్న లెక్క. ఎమ్ఎఫ్ఐ 1 ఉన్న దానాకి ఈ పరీక్షలో షియర్ రేటు (కరిగిన పొరలు ఒకదాని మీద ఒకటి జారే వేగం) సెకనుకు 2, 3 మించదు. నడుస్తున్న మిషన్‌లో కరిగిన సరుకు ఫిలింగా బయటికొచ్చే డై పెదవుల దగ్గర అది వందల్లో ఉంటుంది. నిదానంగా జారేటప్పుడు ఒకేలా కనిపించే రెండు సరుకులు వేగం పెరిగేసరికి ఏమాత్రం పొంతన లేకుండా ప్రవర్తిస్తాయి. ఎల్‌డి (లో డెన్సిటీ), ఎల్‌ఎల్ (లీనియర్ లో డెన్సిటీ) అనే రెండు రకాల పాలిథీన్ల విషయంలో జరిగేది ఇదే.

ఎల్‌ఎల్ అణువు గొలుసుకు పక్కన అంటుకునేవి బ్యూటీన్, హెక్సీన్, ఆక్టీన్‌ల నుంచి వచ్చిన 2, 4, 6 కార్బన్ల పిలకలు. అవి మరో గొలుసుతో చిక్కుపడేంత పొడవుండవు. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐలో తొలిసారి బయటపడ్డ ఎల్‌డి అలా కాదు. వెయ్యి వాతావరణాలకు పైబడిన పీడనంలో పెరుగుతున్న గొలుసు, అప్పటికే తయారైన గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఆ చోటి నుంచి కొత్త కొమ్మ మొలిచి, అసలు గొలుసంత పొడవు కూడా పెరగగలదు.

కొమ్మలేని గొలుసు చిక్కులోంచి పాములా తన పొడవునే జారి బయటపడుతుంది. 1971లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త డి జెన్ ఇచ్చిన వివరణ ఇది. గొలుసు పొడవు రెట్టింపైతే చిక్కదనం పది రెట్లకు పైగా పెరుగుతుంది. కొమ్మలున్నదానికి ఆ దారి లేదు. కట్టెల మోపులోంచి తుమ్మ కొమ్మను లాగినట్టే. ముందు ఒక్కో కొమ్మ కొస నుంచి మొదలు దాకా వెనక్కి ముడుచుకోవాలి. కొమ్మ పొడవయ్యేకొద్దీ ఆ సమయం ఘాతీయంగా పెరుగుతుంది. రెండు కొమ్మల మొదళ్ల మధ్య ఇరుక్కున్న నడుము భాగం ఆ కొమ్మలన్నీ వదులయ్యేదాకా ఆగాల్సిందే. నడుముకు రెండు చివర్లా కొమ్మల గుత్తులున్నట్టు ఊహించి శాస్త్రవేత్తలు మెక్‌లీష్, లార్సన్ 1998లో ఇచ్చిన నమూనాతో, ఎల్‌డి షియర్‌లో పలచబడుతూనే లాగినప్పుడు బిగుసుకోవడం ఎందుకో తేటపడింది.

ఇదంతా మిషన్ మీద ఎలా కనిపిస్తుందంటే: ఎల్‌డికి సర్దిన 0.8 మిల్లీమీటర్ల డై గ్యాప్‌లో అదే ఎమ్ఎఫ్ఐ ఉన్న ఎల్‌ఎల్ పోస్తే మోటారు ఆంప్స్ పెరుగుతాయి, ఎందుకంటే వేగంలో అది ఎల్‌డి అంతగా పలచబడదు. డై గోడ మీద ఒత్తిడి 0.1 మెగాపాస్కల్ దాటే సరికి ఫిలిం మీద సొరచేప చర్మంలాంటి గరుకు మొదలవుతుంది. ఆపరేటర్ వెంటనే హీటర్లు పెంచుతాడు. గరుకు కాస్త తగ్గినా, లాగితే బిగుసుకునే గుణం ఎల్‌ఎల్‌కు ఎలాగూ లేదు కాబట్టి బబుల్ (డై నుంచి గొట్టంలా ఉబ్బి లేచే ఫిలిం) ఊగడం మొదలుపెడుతుంది. మందు వేడిలో లేదు. గ్యాప్ 1.5 నుంచి 2.5 మిల్లీమీటర్లకు తెరవాలి, లేదా ఫ్లోరోపాలిమర్ ప్రాసెసింగ్ ఎయిడ్ 400 నుంచి 800 పీపీఎమ్ వేయాలి. అది డై గోడకు పూతలా పట్టడానికి సమయం కావాలి; పావుగంట చూసి పనిచేయలేదని తీసేయకూడదు. బబుల్ నిలబడటానికి 10 నుంచి 30 శాతం ఎల్‌డి కలిపితే చాలు.

ఎల్‌డి మోతాదు మించితే మరో తంటా. డై దాటాక సాగిన కొమ్మల గొలుసులు వదులయ్యేలోపే ఫిలిం గడ్డకడుతుంది. అణువులన్నీ లాగిన దిశలోనే బిగిసిపోయి కవరు నిలువునా చీలుతుంది. వేడికి ముడుచుకునే ష్రింక్ ఫిలింకు ఇదే గుణం వరం, క్యారీబ్యాగుకు శాపం. కూలింగ్ గాలి కొద్దిగా తగ్గించి ఫ్రాస్ట్ లైన్ (ఫిలిం గడ్డకట్టే గీత) పైకి జరిపి, బ్లో అప్ నిష్పత్తిని (బబుల్ వ్యాసం డై వ్యాసానికి ఎన్ని రెట్లన్నది) 2 నుంచి 2.5 మధ్య ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

దానా చేతికి రాగానే ఏది ఏదో తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎమ్ఎఫ్ఐ మిషన్‌లోనే రెండోసారి 21.6 కిలోల బరువు వేసి, ఆ అంకెను 2.16 కిలోల అంకెతో భాగించాలి. మామూలు ఎల్‌ఎల్‌కి నిష్పత్తి సుమారు 25, 30 దగ్గర ఉంటుంది. ఎల్‌డికి 50 దాటుతుంది. అయితే హెచ్‌డి (హై డెన్సిటీ పాలిథీన్) ఫిలిం గ్రేడులో గొలుసుల పొడవుల్లో తేడాలు ఎక్కువ కాబట్టి కొమ్మలు లేకున్నా ఈ నిష్పత్తి పెద్దదే వస్తుంది. అందుకే కిందికి దిగిన తీగ మొదటి ముక్కను చల్లార్చి కాలిపర్‌తో కొలవాలి. అదే ఎమ్ఎఫ్ఐ ఉన్న ఎల్‌ఎల్ తీగ రంధ్రం కంటే కొంచెమే లావుంటుంది, ఎల్‌డి తీగ కంటికి తెలిసేంత ఉబ్బుతుంది. మొదటి ముక్కే ఎందుకంటే, ఆ తర్వాతిది తన బరువుకే సాగి సన్నబడుతుంది.

రీప్రాసెస్ దానా అమ్మేవారికీ, కొనేవారికీ ఒక మాట. ఎల్‌డిని కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్‌లో మళ్లీ మళ్లీ తిప్పితే ఎమ్ఎఫ్ఐ పెరిగి, తీగ ఉబ్బు తగ్గుతుంది. గొలుసులు తెగిపోయాయనుకుని సరుకును పక్కన పెట్టేస్తుంటారు. చాలాసార్లు తెగి ఉండవు; షియర్‌కు కొమ్మల చిక్కులు తాత్కాలికంగా విడిపోయి ఉంటాయంతే. నైట్రోజన్ కింద గంటల కొద్దీ కరిగిన స్థితిలో ఉంచి మళ్లీ కొలిస్తే పాత అంకె వైపు తిరిగి వస్తుంది. రాలేదంటే అప్పుడు నిజంగా తెగినట్టు. ఈ సదుపాయం చిన్న యూనిట్లలో ఉండదు. అమ్మేవారే ఒక్కో లాటుకు చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ సీపెట్‌లాంటి చోట పరీక్ష చేయించి, 25 కిలోల సంచి మీద రెండు బరువుల ఎమ్ఎఫ్ఐ, తీగ వ్యాసం, ఎన్నిసార్లు ఎక్స్‌ట్రూడ్ చేశారన్నది ముద్రిస్తే కొనేవాళ్లు డై గ్యాప్, మిశ్రమం ముందే సర్దుకుంటారు.

— ఒక ఫిలిం ప్రాసెసింగ్ టెక్నీషియన్, చర్లపల్లి, హైదరాబాద్