“జలుబే కదా” అని పోయినసారి నేను చేసిన తప్పు, ఈసారి మన డే కేర్‌లో మారుస్తున్నవి

పిల్లల్ని మా దగ్గర వదిలి వెళ్లే అమ్మానాన్నలందరికీ. జలుబుల సీజన్ వచ్చేస్తోంది, మన దగ్గర కొన్ని పద్ధతులు మారుతున్నాయి. వాటిలో ఒకటి రెండు మీకు నచ్చవని తెలుసు, అందుకే గోడకి నోటీసు అంటించి ఊరుకోకుండా ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పోయిన సీజన్ సంగతి కొత్తగా చేరినవాళ్లకి తెలియదు, పాతవాళ్లకి సగమే తెలుసు. ఒక సోమవారం పెద్ద పిల్లల గదిలో ఇద్దరికి ముక్కు కారడం మొదలైంది. పది రోజులు తిరిగేసరికి రెండు గదుల్లోనూ దగ్గులే. ఏడాది నిండని ఒక పాపని ఆస్పత్రిలో చేర్చి నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు బాగుంది, వాళ్లమ్మని అడిగే ఇది రాస్తున్నాను. పరీక్షలో తేలింది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. ఆ వారం నేను మీకు పంపిన మెసేజ్‌లో “సీజనల్ జలుబు, టెన్షన్ పడకండి” అని ఉంది. అలా రాయకుండా ఉండాల్సింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పసిపిల్లల గదిలోకి దాన్ని మోసుకెళ్లింది చాలావరకు మా మనిషే అయి ఉంటుంది. పెద్ద పిల్లల్ని చూసే ఆయమ్మకి గొంతు గరగర, కాస్త దగ్గు. ఆ రోజు పసిపిల్లల దగ్గర మనిషి తక్కువైతే ఆమెను అటు పంపింది నేనే. ఒంట్లో బాగాలేనప్పుడు సెలవు ఎందుకు పెట్టలేదని తర్వాత అడిగితే ఆమె నా వైపు చూసి ఊరుకుంది. రాకపోతే ఆ రోజు జీతం కోసే రూలు పెట్టింది నేనే కదా మరి.

ఆర్‌ఎస్‌వీ అంటే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. నోరు తిరగని పేరే కానీ దానికో అర్థం ఉంది, ఇది సోకిన కణాలు పక్క కణాలతో అతుక్కుపోయి ముద్దలా తయారవుతాయి, ఆ ముద్దకి పెట్టిన పేరు అది. 1956లో దీన్ని మొదట కనిపెట్టింది జలుబు చేసిన చింపాంజీల్లో, మరుసటి ఏడాదికే పసిపిల్లల్లోనూ దొరికింది. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా వస్తుంది. ఒకసారి వస్తే ఇక రాదనుకోవడానికి లేదు, పెద్దయ్యాక కూడా వస్తూనే ఉంటుంది, మనకి మాత్రం మామూలు జలుబులా వచ్చి పోతుంది. చిక్కంతా ఇక్కడే. చల్లటి దేశాల్లో చలికాలంలో, వేడి ప్రాంతాల్లో చాలాచోట్ల వానాకాలంలో ఎక్కువగా తిరుగుతుంది.

పసివాళ్లకే ఎందుకంత కష్టం అంటే, ఊపిరితిత్తుల చివర ఉండే గొట్టాలు వాళ్లలో మరీ సన్నం. ఆ గొట్టం లోపల కాస్త వాచి, కాస్త కళ్లె చేరితే మనకి దగ్గుతో పోతుంది, వాళ్లకి దారే మూసుకుపోతుంది. ఆర్నెల్లలోపు పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. అన్నట్టు వయసు పైబడినవాళ్లకీ ఇది ప్రమాదమే, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తాతయ్యలు, అమ్మమ్మలు గుర్తుపెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఏటా 36 లక్షలకు పైగా ఆస్పత్రి పాలవుతున్నారు, సుమారు లక్ష మంది చనిపోతున్నారు. నేను “జలుబే కదా” అన్నది దీన్ని.

ఆ పాపలో మేం మొదట గమనించింది దగ్గు కాదు, పాలు. రెండు గుక్కలు తాగి వదిలేసేది, మళ్లీ నోట్లో పెడితే మొహం తిప్పేసుకునేది. ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకునే బిడ్డ పాలు ఎలా తాగుతుంది? చొక్కా విప్పి చూస్తే ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడుతోంది, ముక్కు పుటాలు ఎగిరిపడుతున్నాయి. అప్పుడు గానీ నాకు భయం పట్టుకోలేదు. ఇప్పుడు ఆయమ్మలందరికీ ఊపిరి లెక్కపెట్టడం నేర్పించాం, మీరూ నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు అయితే 60, ఏడాదిలోపు 50, ఆపైన ఐదేళ్ల వరకు 40, ఆ అంకె వచ్చినా దాటినా వేగంగా ఆడుతున్నట్టే, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పెదాలు నీలంగా మారినా, మూలుగుతున్నా, మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా అంకెలు లెక్కపెడుతూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకే. తడిపే డైపర్లు తగ్గిపోయినా డాక్టర్‌కి చూపించాల్సిందే. ఇంకోటి, మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఇది ముదురుతుంది, కాబట్టి రెండో రోజు బాగానే ఉంది కదా అని ధీమా పడొద్దు.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. ఇది వైరస్, యాంటీబయాటిక్ పని చేయదు. డాక్టర్‌ని ఒత్తిడి చేసి రాయించుకున్న సీసాలు ఇచ్చి మధ్యాహ్నం వేయమంటే మాకూ ఇబ్బందే. ముక్కులో సెలైన్ చుక్కలు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు, జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదు, అంతే. దుకాణంలో కొన్న దగ్గు సిరప్పులు చిన్నపిల్లలకి మేం వేయం.

ఎలా అంటుకుంటుందో చెప్పే ఒక పాత ప్రయోగం నాకు బాగా నచ్చింది. కరోలిన్ హాల్, గోర్డన్ డగ్లస్ అనే డాక్టర్లు 1981లో ప్రచురించారు. ఆర్‌ఎస్‌వీ ఉన్న పసిపిల్లల దగ్గర కొందరు పెద్దవాళ్లని మూడు రకాలుగా ఉంచారు. ఎత్తుకుని ఆడించినవాళ్లు ఏడుగురిలో ఐదుగురికి సోకింది. బిడ్డ లేనప్పుడు ఆ గదిలో వస్తువులు ముట్టుకుని తమ ముక్కు, కళ్లు తాకినవాళ్లు పది మందిలో నలుగురికి. దూరంగా ఊరికే కూర్చున్నవాళ్లు పద్నాలుగు మందిలో ఒక్కరికీ రాలేదు. దగ్గు, తుమ్ము తుంపరలు మొహం మీద పడితే వస్తుంది, అది నిజమే, కానీ చేతుల సంగతి ఇంత పెద్దదని నేను అనుకోలేదు. గట్టి వస్తువుల మీద ఈ వైరస్ గంటల తరబడి బతుకుతుంది. మన దగ్గర నోట్లో పెట్టని బొమ్మ ఏదైనా ఉందా చెప్పండి!

ఇక మారేవి. ఆయమ్మలకి జబ్బు చేస్తే జీతం కోయం, ఇది అన్నిటికన్నా ముందు. పసిపిల్లల గది ఆయమ్మలు ఆ గదికే పరిమితం, మనిషి తక్కువైతే మీకు ఫోన్ చేసి ఆ రోజు కొందరిని పంపొద్దంటాను, అటు నుంచి ఇటు మాత్రం పంపను. నోట్లో పెట్టిన బొమ్మ వెంటనే వేరే తొట్టిలోకి వెళ్తుంది, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాకే మళ్లీ బయటికి. సబ్బుకి ఈ వైరస్ తేలిగ్గా చస్తుంది, ఖరీదైన ద్రావణాలేమీ అక్కర్లేదు.

పసిపిల్లల గదికి కొత్తగా జలుబు మొదలైన బిడ్డని తీసుకోం, ఎనిమిది రోజులు ఆగాలి. ఎక్కువే అనిపిస్తుంది, కానీ సాధారణంగా మూడు నుంచి ఎనిమిది రోజులు అంటించే అవకాశం ఉంటుంది, పసివాళ్లలో ఇంకా ఎక్కువ రోజులు ఉండొచ్చు. పెద్ద పిల్లల గదిలో ఉత్త ముక్కు కారడానికి ఆపం, ఆపితే గది ఖాళీ అవుతుంది. జ్వరం, గట్టి దగ్గు, తినకపోవడం ఉంటే మాత్రం ఇంట్లోనే ఉంచండి. మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకపోతే పంపొచ్చు. దగ్గు పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంతవరకూ ఆగమని అనను. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటించగలరు కాబట్టి ఇన్ని చేసినా ఒక్క కేసూ రాదని మాట ఇవ్వలేను.

పొద్దున సిరప్ వేసి జ్వరం దించి తీసుకొచ్చి వదిలేసినవాళ్లు ఉన్నారు. తిట్టను. మీకూ ఆఫీసులో సెలవు దొరకదు, పైగా పిల్లలు రాకపోయినా మేం పూర్తి ఫీజు తీసుకున్నాం. ఇకమీదట మేం ఇంట్లో ఉంచమన్న రోజులకి సగం ఫీజే. మొత్తం వదిలేస్తే జీతాలు ఇవ్వలేను.

కడుపుతో ఉన్న అమ్మలకి ఒక మాట, గర్భం చివరి నెలల్లో తల్లికి వేసే ఆర్‌ఎస్‌వీ టీకా, పుట్టిన బిడ్డకి వేసే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ (వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్) ఇంజెక్షన్ ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండింటినీ సిఫారసు చేసింది. మీకు దొరుకుతాయేమో డాక్టర్‌ని అడగండి. ఫ్లూ టీకా దీనికి పనిచేయదు, అది వేరే జబ్బు.

ఈ సీజన్‌లో నాకు జలుబు చేస్తే నేనూ రాను. ఆ రోజు తాళాలు పెద్దాయమ్మ దగ్గర ఉంటాయి, ఫోన్ మాత్రం ఇంటి నుంచి నేనే ఎత్తుతాను.