ఒరేయ్ బావా, మన సందు గోడ బయటపడింది

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండు నెలలైనా జవాబు రాయలేదు, తప్పు నాదే, కడుపునిండా తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. పెద్దది ప్లస్ టూలో చేరింది. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. పాతపట్నం అత్త మనవరాలి పెళ్లి బాగా జరిగింది, అందరూ నిన్నే అడిగారు. మిగతా కబుర్లు ఇంకోసారి, ఎందుకంటే ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

గోడ బయటపడిందిరా. మన సందు గోడ!

1992 అక్టోబరులో మన ఊరు గజపతి జిల్లాకి కేంద్రమైంది కదా. ఆఫీసర్లు అద్దెకి వస్తారని, ఇల్లు కొత్తగా కనబడాలని నాన్న ఆ గోడ మొత్తానికీ సిమెంటు పూయించారు. నువ్వు మా అరుగు మీద కూర్చుని ఏడ్చావు. గుర్తుందా? ఉండకుండా ఎలా ఉంటుందిలే.

2018లో తిత్లీ తుఫానుకి ఆ వైపు పెంకులన్నీ లేచిపోయి గోడ రోజుల తరబడి నానిందని అప్పుడే రాశాను. అప్పటినుంచి మోకాలి ఎత్తున తెల్లగా ఉప్పు పొంగడం, పెయింటు పొరలు పొరలుగా ఊడిపోవడం. సందులో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, మన పునాది మట్టం రోడ్డు కిందకి వెళ్లిపోయింది. వానొస్తే నీళ్లు గోడని ఆనుకునే నిలబడతాయి. మొదట ఒక మేస్త్రిని పిలిస్తే యాసిడ్‌తో కడిగేస్తే తెలుపు పోతుందన్నాడు. కడిగాడు. పోయింది కూడా. పది రోజులకి రెట్టింపు పొంగింది, పైగా యాసిడ్ తగిలినచోట ఇటుకల మధ్య సున్నం పొడిపొడిగా రాలడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు ఎంత బాధేసిందో చెప్పలేను, తాతయ్య కట్టించిన గోడని చేతులారా పాడుచేశానే అని.

అప్పుడు దొరికాడు మేస్త్రి తాత. డెబ్బై దాటాయి, చెవి సరిగ్గా వినబడదు, కానీ వేలి కణుపుతో గోడ మీద టకటకా కొట్టి ఎక్కడ డొల్లగా ఉందో సుద్దముక్కతో గీసేశాడు. సగం గోడ సుద్ద గీతలే! "ఇటుకకి ఊపిరాడాల బాబూ, సిమెంటు ఏసి నోరు నొక్కేసినారు" అన్నాడు. నేలలోంచి ఎక్కిన చెమ్మ పాత సున్నంలోంచి అయితే మెల్లగా ఆరిపోతుందట. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. లోపలే ఆగి, ఉప్పు గడ్డకట్టి, ఇటుక ముఖాన్నే పగలగొట్టి బయటికి తోస్తుంది. పాత ఇటుక మెత్తనిది కదా, పక్కనున్న సిమెంటు దానికంటే గట్టిది, దెబ్బంతా ఇటుకకే. అందుకే రెండు ఇటుకల మధ్య పెట్టేది ఇటుక కంటే మెత్తగా ఉండాలంటాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, దీనితో పనుంది.

పోయిన నెలలో సిమెంటు కొట్టడం మొదలుపెట్టాం. ఉలిని పక్కకి వాల్చి, చిన్న సుత్తితో, తొందర లేకుండా. మూడో రోజు గుమ్మం పక్కన ఒక పెద్ద పలక, నా ఛాతీ అంత ఉంటుంది, ఒక్కసారిగా ఊడి కింద ఇసుక మీద బోర్లా పడింది. ఎత్తబోయి ఆగిపోయాను. పలక వెనక వైపు మూడు గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. వేలంత పొడవుండే గీతలు కాదు, జానెడు, రెండు జానలు. సిమెంటుకి అలా ఎందుకొస్తుందని ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తలెత్తి గోడకేసి చూశాను.

స్టంపులురా! మనం మేకుతో గీకిన స్టంపులు!

ఆ గాట్లలోకి సిమెంటు దిగి అచ్చు పోసినట్టు గట్టిపడింది. ముప్పై ఏళ్లకి పైగా అలాగే పడుకుని ఉన్నాయి. కింద మూడు వరసల ఇటుకలు ముఖాలు రాలిపోయి స్టంపుల అడుగు లేదు, పై భాగం మాత్రం నిన్న గీసినట్టుంది. వేలు పెట్టి చూస్తే గాటు లోపల ఇంకా ఎర్రగా ఉంది, బయట ఇటుక నల్లబడిపోయింది. నేను అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. మేస్త్రి తాత నాకు వడదెబ్బ తగిలిందనుకుని నీళ్లు తెచ్చాడు.

సరే, ఇప్పుడు నీ మూడో స్టంపు. బంతి దానికి తగిలిందనే కదా, నువ్వు ఔటా కాదా అని మనం పోట్లాడుకున్నది. నేను కొలిచాను. మొదటి దానికీ రెండో దానికీ మధ్య నాలుగు వేళ్లు, పై నుంచి కింద దాకా. రెండో దానికీ మూడో దానికీ పైన నాలుగు వేళ్లే, కానీ ఒక వరస దిగేసరికి ఆరు. మామిడిచెట్టు వైపు జరిగిపోయింది. ఎందుకని తాతని అడిగితే నవ్వి, ఇటుకకీ ఇటుకకీ మధ్య నిలువు సందులో మెత్తటి సున్నం ఉంటుంది, మేకు అటు జారిపోయి ఉంటుంది అన్నాడు. గీసింది నేనే. బంతి తగిలింది ఆ జరిగిన చోటే, నువ్వు అప్పుడే చెప్పావు, "అది స్టంపు కాదు, నీ చెయ్యి జారిన చోటు" అని. నేను వినలేదు.

నువ్వు ఔటు కాదు బావా. పందెం కాసిన ఇరవై గుప్‌చుప్‌లూ, అదే పానీపూరీలూ, నేనే బాకీ, బస్టాండు దగ్గరి బండి ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు, నీళ్లలో పుదీనా అలాగే దండిగా వేస్తాడు.

పని ఎంతవరకు వచ్చిందో చెప్పలేదు కదూ. గోడని రెండు నెలల ముందే విప్పి ఉంటే బాగుండేది, బాగా ఆరాక చేస్తే మంచిదట. ఉప్పుని పీచు బ్రష్‌తో పొడిగానే దులిపి చేటలోకి ఎత్తి పారేశాం, నీళ్లు పోస్తే మళ్లీ లోపలికే పోతుంది. గోడ వెంబడి కాలువ తవ్వాం, నీళ్లు నిలవకుండా. రాతి సున్నం తెచ్చి నీళ్ల తొట్లో వేస్తే కుతకుతా ఉడికి ఆవిర్లు చిమ్మింది, పిల్లల్ని ఆ పక్కకి రానివ్వలేదు, కంట్లో పడితే కన్ను పోతుంది. మూడు వారాలు నీళ్ల కిందే ఉంచితే మీగడలా అయింది. సున్నం ఒక పాలు, పాత ఇటుక ముక్కలు దంచిన సుర్కీ ఒక పాలు, మహేంద్రతనయ ఏటి ఇసుక కడిగి రెండు పాళ్లు. ఇటుకల సందులు అంగుళం లోతు గీరి, తడిపి, ఇది కూరడం. రోజుకి రెండు గజాలకి మించి సాగదు. ఆ మీద తడి గోనెలు.

ఒక్కచోట మాత్రం తాతకీ నాకూ పేచీ వచ్చింది. ముఖం రాలిన ఇటుకల్ని జాగ్రత్తగా ఊడదీసి వెనక్కి తిప్పి పెడతాడు, లోపలి వైపు కొత్తగా ఉంటుంది కదా, చూస్తే నీకే నమ్మకం కలగదు. స్టంపులున్న ఇటుకలూ కొన్ని అంచులు రాలాయి, వాటినీ తిప్పేస్తానన్నాడు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి ఆ వరసలు వదిలేసి చుట్టూ మాత్రం కూరాడు.

నాన్న సంగతి చెప్పాలి. మొదటి వారం ఆయన ఆ వైపు రాలేదు. దాచుకున్న డబ్బుతో పూయించారు కదా, నేను కొట్టిస్తుంటే మనసు ఎలా ఉంటుంది. నేనూ ఏమీ అనలేదు, అప్పుడు ఊరంతా సిమెంటే, ఆయన తప్పు ఏముంది. మొన్న సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి, ఆ మూడు గీతల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. "వీటిని చూసే పూయించాను రా, గోడ పాడుచేస్తున్నారని" అన్నారు. తర్వాత ఇంకేదో అనబోయి లోపలికి వెళ్లిపోయారు. నేను అప్పటినుంచి

తాత కేకేస్తున్నాడు, గోనెలు ఆరిపోయాయట, తడపకపోతే సున్నం పగుళ్లిస్తుంది. పోస్టు డబ్బా కూడా నాలుగున్నరకే తీసేస్తారు. సంక్రాంతికి ముందు మొత్తం గోడకి మూడు పూతలు వెల్ల వెయ్యాలి. స్టంపుల మీద వెయ్యాలో వద్దో నువ్వు వచ్చి చెప్పేదాకా కుంచె ముట్టుకోను. భోగికి ముందురోజే వచ్చెయ్, ఉంటాను,

నీ బావ