మ్యూజియానికి ముందు మెట్రో

సంపాదకులకు,

కొత్త హోటళ్లు, మ్యూజియాలు కడితే నగరానికి పర్యాటకులు వరుస కడతారని చెప్పేవారు స్పెయిన్‌లోని బిల్బావోను చూపిస్తారు. ఉక్కు, ఓడల నిర్మాణ పరిశ్రమలు దెబ్బతిని కుదేలైన ఆ నగరానికి 1997లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ప్రపంచమంతటా పేరు తెచ్చిన మాట నిజమే. కానీ ఆ కథలో మొదటి సగాన్ని వదిలేస్తున్నారన్నదే నా బాధ. మ్యూజియం కంటే రెండేళ్ల ముందే, 1995లో, అక్కడ మెట్రో రైలు నడిచింది. పరిశ్రమల వ్యర్థాలతో పాడైన నెర్వియోన్ నదిని శుభ్రపరిచే పని అంతకు ముందే మొదలైంది. 2002లో ట్రాము వచ్చింది. ఇవన్నీ మొదట స్థానికులకు పనికొచ్చేవే.

ఎదిగే నగరాల్లో తరచు జరిగేది దీనికి తలకిందులు. అద్దాల హోటల్ లేస్తుంది, దాని ముందు నడిచేందుకు కాలిబాట ఉండదు. మ్యూజియం భవనం మెరుస్తుంది, లోపల వస్తువుల గురించి వివరించే మనిషి ఉండడు. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, చీకటి పడ్డాక కూడా దొరికే బస్సు: వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి చెప్పుకొనేది వీటి గురించే.

హోటళ్లు నీటిని విపరీతంగా వాడతాయి కూడా. అందుకే కొత్త హోటల్‌కు అనుమతి ఇచ్చే ముందు నీటి సరఫరా, మురుగు శుద్ధి లెక్కలను నగరపాలక సంస్థలు ప్రజల ముందు ఉంచాలి. మ్యూజియాలకు భవన వ్యయంతో పాటు ఏటా సిబ్బందికి, సేకరణల సంరక్షణకు నిధులు కేటాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు