సోమవారం పొద్దున తప్పులు చూసుకునే టైమ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ పేపర్ తెరిచినా టాపర్ల ఫొటోలే. వాళ్ల కష్టం వాళ్లది, కాదనను. కానీ 160కి 60, 65 దగ్గర ఆగిపోయి, ఇంకెలా పెంచుకోవాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టని పిల్లలే ఎక్కువ. అలాంటి పిల్లాడు మా ఇంట్లోనే ఉండేవాడు. మా తమ్ముడు. వాడి మార్కులు ఎలా పెరిగాయో దగ్గరుండి చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాడు విజయవాడలో ఒక కాలేజీలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లే. ఆదివారం పరీక్ష, సోమవారం నాన్న ఫోన్‌కి ర్యాంకు మెసేజ్, మంగళవారం కొత్త చాప్టర్. రెండేళ్లు ఇదే. ఆ రెండేళ్లలో వాడు రాసిన పరీక్ష పేపర్ ఒక్కటి కూడా మళ్లీ తెరిచి ఏది ఎందుకు తప్పయిందో కూర్చుని చూసుకోలేదు, చూసుకోమని చెప్పినవాళ్లూ లేరు, అంత టైమూ ఇవ్వలేదు. ర్యాంకు తగ్గితే మాత్రం నిలబెట్టి అడిగేవాళ్లు.

2024 మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోయాక ఇంటికి వచ్చేశాడు. షార్ట్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిద్దామని నాన్న డబ్బు కూడా సర్దారు. వాడే వద్దన్నాడు. "అక్కా, మళ్లీ అదే పరీక్ష, అదే ర్యాంకు, నా వల్ల కాదు" అన్నాడు. సరే ముందు ఇంట్లో ఒక మాక్ టెస్ట్ రాయి చూద్దాం అన్నాను. పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబుల కీలు ఉచితంగానే దొరికాయి. ఉదయం 9 నుంచి 12 దాకా గడియారం పెట్టుకుని, ఫోన్ అమ్మ చేతికిచ్చి రాశాడు. 64 వచ్చాయి.

ఆ సాయంత్రం మార్కుల గురించి ఒక్క మాట కూడా అనకుండా ఇద్దరం అరుగు మీద పేపర్ ముందేసుకుని కూర్చున్నాం. 65 తప్పులు, 31 ఖాళీ. ఈ ఖాళీలేంట్రా అంటే, "రాకపోతే వదిలేయమన్నారక్కా, మైనస్ మార్కులుంటాయి కదా" అన్నాడు. మైనస్ మార్కులున్నది జేఈఈ మెయిన్‌లో. ఈఏపీసెట్‌లో లేవు. ఆ సంగతి వాడికి తెలుసు, ఎప్పుడో చదివాడు కూడా, కానీ రెండేళ్లు రెండు పరీక్షలకూ కలిపి ప్రిపేర్ చేయించేసరికి చెయ్యి దానంతట అదే ఆగిపోతోంది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా 31 ప్రశ్నల్లో ఏడో ఎనిమిదో తగులుతాయి. ఏమీ చదవకుండానే వచ్చే మార్కులు అవి.

తర్వాత ఆ 65 తప్పుల్నీ ఒక్కొక్కటే విడదీశాం. అసలు రానివి 27. ఫార్ములా మర్చిపోయినవి 11. తెలిసీ లెక్కలో తప్పు చేసినవి 17. ప్రశ్న సరిగా చదవకుండా పెట్టినవి 10, అందులో ఆరు "సరికానిది ఏది" అని అడిగితే సరైనది పెట్టి వచ్చినవే! వాడు ఆ పేజీ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఈ చివరి రెండూ కలిపితే 27 మార్కులు, రాక పోయినవి కాదు, వచ్చీ చేజారినవి. నేను మొద్దునేమో అని రెండేళ్లుగా లోపల్లోపల కుమిలిపోయాడట, ఆ రోజే నాతో చెప్పాడు.

ఆ రాత్రే ఒక లాంగ్ నోట్‌బుక్ తీశాడు. ఎడమ పేజీలో తప్పు చేసిన ప్రశ్న, కుడి పేజీలో ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యం, దాని కింద సరైన పద్ధతి. "లెన్స్ లెక్కలో సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు." "మైనస్ గుర్తు రెండో లైన్లో పోయింది." ఇలా. కొత్త మెటీరియల్ ఒక్కటి కూడా కొనలేదు, ఉన్న తెలుగు అకాడమీ పుస్తకాలే. కెమిస్ట్రీకి, ముఖ్యంగా ఇనార్గానిక్‌కి, ఆ పుస్తకంలో లైన్లు చదివితే చాలావరకు సరిపోయింది. మూడు నాలుగు రోజులకొక మాక్ టెస్ట్, మర్నాడు పుస్తకం ముట్టకుండా తప్పులు మాత్రమే. రోజుకి ఆరు గంటలకు మించి చదవలేదంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. వాడు అలవాటుగా మ్యాథ్స్‌తో మొదలుపెట్టేవాడు, అందులోనే రెండున్నర గంటలు కరిగిపోయేవి. వరస మార్చాం. కెమిస్ట్రీ 40 ప్రశ్నలు అరగంటలో, ఫిజిక్స్ 40 యాభై నిమిషాల్లో, మిగతాదంతా మ్యాథ్స్ 80కి. రెండు నిమిషాలు దాటినా తేలని లెక్క వదిలేసి ముందుకెళ్లడం వాడికి అన్నిటికంటే కష్టమైంది, మూడు వారాలు పట్టింది.

అవి ఎన్నికల రోజులు. మే 13న పోలింగ్, అంతకు ముందు నెలంతా వీధిలో ప్రచార రథాల మైకులు. చెవుల్లో దూది పెట్టుకుని మాక్ టెస్ట్‌లు రాశాడు. అసలు పరీక్ష అయ్యాక కీ, వాడు పెట్టిన జవాబుల రెస్పాన్స్ షీట్ పెట్టుకుని చూస్తే 101. ఆ ఏడాది మన రాష్ట్రంలో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి (తెలంగాణలో 2023లోనే తీసేశారు) మార్చిలో బాగా రాసిన పరీక్షలూ కలిసొచ్చాయి. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. టాపర్ కాదు, మీ పేపర్లో ఫొటో రాలేదు. కానీ 64 నుంచి 101 అంటే మాకు చాలా పెద్ద సంగతి.

కాలేజీల యాజమాన్యాలను అడిగేది ఒక్కటే. వారం వారం పరీక్ష పెడుతున్నారు, పెట్టండి. ఆ మర్నాడు సోమవారం ఒక పూట క్లాసులు ఆపి, పిల్లల చేతికి వాళ్ల పేపర్ ఇచ్చి, తప్పులు చూసుకోనివ్వండి. లెక్చరర్ పక్కన తిరుగుతూ ఉంటే చాలు. తల్లిదండ్రులకు పంపే మెసేజ్‌లో ర్యాంకుతో పాటు ఎన్ని రాక పోయాయి, ఎన్ని తొందరలో పోయాయి అని కూడా రాయండి. ఎందుకంటే మా నాన్న రెండేళ్లు ఆ ర్యాంకు మెసేజ్‌లు చూసే వాడిని తిట్టారు, ఇప్పుడు ఆ మాట వస్తే తల వంచుకుంటారు.

మీరు కూడా వచ్చే ఏడాది ఫలితాల రోజు ఒక్క పావు పేజీ అయినా ఇలా కిందనుంచి పైకొచ్చిన పిల్లలకు ఇవ్వండి. వాళ్లు ఏ తప్పు ఎలా దిద్దుకున్నారో వాళ్ల మాటల్లోనే వేయండి. మా తమ్ముడి నోట్‌బుక్ ఇప్పుడు మా వీధిలో ఇంటర్ రెండో ఏడాది చదివే అమ్మాయి దగ్గర ఉంది. అట్ట ఊడిపోయింది, జిరాక్స్ తీయించి ఇంకో ఇద్దరికి ఇచ్చింది. మీకు కావాలంటే ఆ పేజీలు పంపిస్తాను.

ఒక పాఠకురాలు,
తెనాలి